రిపోర్టు బాగుంది, రొయ్య మాత్రం మేత తినడం లేదు: ఎందుకు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: పక్క చెరువులో వైట్ స్పాట్ (రొయ్యలను చంపే తెల్లమచ్చ వైరస్ జబ్బు) వచ్చింది. మీ వనామీ రొయ్యకు యాభై రోజులు దాటాయి. ల్యాబ్ రిపోర్టులో అన్నీ సవ్యంగానే ఉన్నాయి, అయినా చెక్ ట్రేలో (రొయ్య తింటోందో లేదో చూసే పళ్లెంలో) మేత మిగులుతోంది. రోగనిరోధక శక్తి పెంచే మందు మేతలో కలపమని దుకాణంవారు చెబుతున్నారు. కలపాలా వద్దా?

భీమవరం దగ్గర బోరునీరు, కాలువనీరు కలిపి వనామీ పెంచుతున్న రైతుగా చెబుతున్నాను. ఆ డబ్బుతో ముందు ఒక డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) మీటరు కొనండి.

శాంపిల్ ఎన్ని గంటలకు తీశారు? మా వైపు చాలామంది ఉదయం పది గంటలకు గట్టు పక్కన పైనీటిని సీసాలో పట్టి పంపుతారు. అప్పటికి ఎండ వచ్చి చెరువు తేరుకుని ఉంటుంది. రొయ్యకు గండం తెల్లవారుజామున, అదీ అడుగున. రాత్రంతా ప్లాంక్టన్ (నీటిలో తేలే సన్నని నాచు, సూక్ష్మజీవులు) కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది కాబట్టి నాలుగు, ఆరు గంటల మధ్య డీఓ బాగా పడిపోతుంది. అడుగున కూడా లీటరుకు 4 మిల్లీగ్రాములు ఉండాలి. 3 కన్నా దిగినంత మాత్రాన రొయ్య వెంటనే చావదు, ముందు మేత తగ్గిస్తుంది. వరుసగా కొన్ని రాత్రులు అలాగే గడిస్తే రోగాన్ని ఎదుర్కొనే రక్తకణాలు క్షీణిస్తాయి. మనకున్నట్లు రొయ్యకు యాంటీబాడీలు లేవు. కాపలా అంతా ఆ కణాలదే.

మధ్యాహ్నం ఇంకో బెడద. ప్లాంక్టన్ చిక్కబడితే మూడు గంటలకు పీహెచ్ 9 దాకా పోతుంది. మేత, మలం కుళ్లి పుట్టే మొత్తం అమ్మోనియా అంతే ఉన్నా, 7.5 పీహెచ్ వద్ద అందులో విషరూపం రెండు మూడు శాతమే, 9 వద్ద నలభై శాతం దాకా. ఉదయం రిపోర్టు ఈ సంగతి చెప్పదు. పొద్దుటికీ సాయంత్రానికీ పీహెచ్ తేడా 0.5 దాటితే నేను ఆల్కలినిటీ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే క్షారగుణం) చూస్తాను. అది లీటరుకు 100 మిల్లీగ్రాముల కన్నా తక్కువైతే రాత్రిపూట వంటసోడా చల్లుతాను. అమ్మోనియాను పీలుస్తుందని అమ్మే జియోలైట్ ఖనిజం బస్తాలు మాత్రం కొనను. ఉప్పునీటిలో అది అమ్మోనియాను పట్టేది నామమాత్రం.

మీది కూడా 5 పీపీటీ (లీటరు నీటికి 5 గ్రాముల ఉప్పు) లోపు ఉప్పదనమైతే, అమ్మోనియా నుంచి పుట్టే నైట్రైట్‌ను తేలిగ్గా తీసుకోకండి. సముద్రపు నీటిలోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల్లోకి చొరబడనివ్వదు, మన నీటిలో ఆ అడ్డు పలచన. బోరునీటిలో కాల్షియం దండిగా ఉన్నా పొటాషియం, మెగ్నీషియం చాలకపోవచ్చు. అప్పుడు పెంకు విడిచిన రొయ్య త్వరగా గట్టిపడదు. మెత్తగా ఉన్నంతసేపూ వైరస్‌కు తలుపు తెరిచినట్లే, పైగా తోటి రొయ్యలు పీక్కుతింటాయి. రొయ్యలు ఎక్కువగా పెంకు విడిచే అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఏరేటర్లు (నీటికి గాలి పట్టించే యంత్రాలు) ఎక్కువసేపు తిప్పేది ఇందుకే.

వాన గురించి నేను చూసినది చెబుతాను. మా చెరువుల్లో చావులు ఎక్కువగా కనిపించేది వాన రోజున కాదు, ముసురు వెలిసి ఎండ కాసిన రెండు మూడు రోజులకు. మబ్బుకు ప్లాంక్టన్ చచ్చి అడుగున కుళ్లుతుంది. నీరు చల్లబడుతుంది, పెంకు విడవడం ఒక్కసారిగా జరుగుతుంది, మేత మిగిలి బురదలో చేరుతుంది. మామూలు రోజుల్లోనే మేతలోని నత్రజనిలో నాలుగింట మూడు వంతులు నీటిలోకే పోతుంది. అందుకే మబ్బు పట్టగానే మేత సగానికి కోసేస్తాను. ఎదుగుదల ఆగుతుందని ఇంట్లోనే గొణుగుడు ఉంటుంది, ఆగనివ్వండి. వాననీరు పైపొరగా నిలిస్తే తూము పై పలక తీసి వదిలేస్తాను. చల్లదనానికి వైట్ స్పాట్ విజృంభిస్తుంది, 32 డిగ్రీలు దాటితే వైరస్ పెరుగుదల మందగిస్తుంది. నవంబరు, జనవరి మధ్య మాకు భయం ఎక్కువ.

ఇక పక్క చెరువు సంగతి. ఇప్పుడు నీరు మార్చకండి. డెల్టాలో ఒకరి మురుగునీరే ఇంకొకరికి తోడుకునే నీరు. తప్పనిసరైతే రిజర్వాయరులో బ్లీచింగ్ చేసి, క్లోరిన్ వాసన పోయాక ఎక్కించండి. పీతల కంచె, పక్షుల వల చూసుకోండి. పక్క చెరువు పనివాళ్లనూ వలలనూ మీ గట్టెక్కనివ్వకండి. నీరు ఎంత బాగున్నా వైరస్ లోపలికి వస్తే పూర్తిగా ఆపలేదు. ఎస్పీఎఫ్ సీడ్ అంటే కొన్ని జబ్బులు లేని పిల్ల అని మాత్రమే, రోగాన్ని తట్టుకునే పిల్ల అని కాదు. ఈహెచ్‌పీ (రొయ్య ఎదుగుదలను దెబ్బతీసే సూక్ష్మ పరాన్నజీవి) అయితే చెరువు అడుగులోనూ దాగి ఉంటుంది, పట్టుబడి తర్వాత సున్నంతో నేలను శుభ్రం చేయాల్సిందే.

గట్టు వెంట నీరసంగా తిరిగే రొయ్యలు కనబడితే పీసీఆర్ (వైరస్‌ను పట్టే ల్యాబ్ పరీక్ష)కు పంపండి, చచ్చినవాటిని వెంటనే ఏరేయండి. రేపు తెల్లవారుజామున అడుగున డీఓ, మధ్యాహ్నం మూడింటికి పీహెచ్, ఉప్పదనం, ఆల్కలినిటీ కొలిచి ఇక్కడ రాయండి. మేత ఎంత తగ్గించాలో అప్పుడు చెప్పగలను.