నీటి ఒడ్డున పిల్లలతో నడక: అమ్మణ్ణికి పెదనాన్న లేఖ

ఒంగోలు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మణ్ణికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నెల్లూరులో కాపురం పెట్టి నెల దాటినా ఆదివారాలన్నీ ఇంట్లోనే గడిచిపోతున్నాయనీ, పెద్దవాడికి ఎనిమిదేళ్ళు, చిన్నదానికి నాలుగేళ్ళు, మీ అత్తగారికేమో మోకాళ్ళ నొప్పులు కాబట్టి అందరూ కలిసి నడవదగిన చోట్లు చెప్పమనీ అడిగావు. ముప్పై ఏళ్ళు ఆ ఊళ్ళో ఉద్యోగం చేసి, చెరువు కట్ట మీదా పెన్న ఒడ్డునా నడిచినవాణ్ణి గనుక తెలిసినంతవరకు చెబుతాను.

అన్నిటికంటే ముందు దూరం లెక్క తెలుసుకోవాలి. నేను ఒక్కణ్ణే అయితే గంటకు ఐదు కిలోమీటర్లు నడిచేవాణ్ణి. అదే లెక్కతో ఒకసారి ఐదేళ్ళ మీ అన్ననూ మీ పెద్దమ్మనూ వెంటబెట్టుకొని చెరువు కట్ట మీద బయలుదేరి, ఆ మలుపు దాకా, ఈ చెట్టు దాకా అంటూ సాగించాను. తిరుగుదారిలో వాడు కట్ట మీదే కూలబడి రాగం తీశాడు. వాణ్ణి ఎత్తుకొని ఇల్లు చేరేసరికి చీకటి పడింది, నా నడుము పట్టేసింది, మీ పెద్దమ్మ రెండు రోజులు నాతో ముక్తసరిగానే మాట్లాడింది. చిన్నపిల్లలతో గంటకు రెండు కిలోమీటర్లు నడిస్తే చాలా నడిచినట్టు. పైగా వాళ్ళు వెళ్ళేటప్పుడు పరుగెత్తుతారు, వచ్చేటప్పుడు కాళ్ళీడుస్తారు. అందుచేత మీకున్న సమయంలో మూడో వంతు కాగానే, పిల్లలింకా హుషారుగా ఉండగానే వెనక్కి తిరగండి.

మొదటి రెండు ఆదివారాలు దూరం పోకుండా దగ్గరలోని పార్కుతో సరిపెట్టుకోండి. పొద్దున్నే వెళితే నాబోటి రిటైరైనవాళ్ళు చేతులూపుకుంటూ దారంతా ఆక్రమించి ఉంటారు. మీరు సాయంత్రం ఐదు తరువాత వెళ్ళడం మేలు. మీ అత్తగారు ఎక్కడ ఆగుతున్నారో, ఎంతసేపటికి కూర్చోవాలనిపిస్తున్నదో అక్కడ తెలిసిపోతుంది. దాన్ని బట్టి మిగిలిన చోట్లు ఎంచుకోవచ్చు.

తరువాత స్వర్ణాల చెరువుకు వెళ్ళండి. అక్కడ పెద్దవాడికి చూపించవలసినవి తూము, కలుజు. తూము గుండా పొలాలకు నీరు వదిలేవారనీ, చెరువు నిండాక మిగులు నీరు కలుజు మీదుగా పొర్లిపోతుందనీ చెప్పి, వానలకు ముందొకసారీ తరువాతొకసారీ నీటిమట్టం ఎక్కడ ఉందో వాడి చేతనే గుర్తు పెట్టించు. మన వైపు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతోనే పడతాయి కాబట్టి ఆ మూడు నెలల్లో చెరువు ముఖమే మారిపోతుంది. మొహర్రం నెలలో ఆ చెరువు పక్కనే ఉన్న బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరిగే రోజుల్లో మాత్రం నడకకని వెళ్ళవద్దు. లక్షల మంది వస్తారు, చిన్నదాని చెయ్యి జారితే కష్టం. కోరిక తీరాలని అక్కడ ఇచ్చిపుచ్చుకొనే రొట్టె పట్టుకోవాలని ఉంటే నువ్వూ అల్లుడుగారూ వెళ్ళి రండి.

పాదరక్షల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ కాదు. మన ప్రాంతంలో కట్టల వెంట, కాలువ గట్ల వెంట చిల్లచెట్లు లేని చోటు ఉండదు. ఎండిన చిల్లముల్లు పలుచని హవాయి చెప్పును అడుగు నుంచి దూసుకొని అరికాలి దాకా దిగుతుంది. చెప్పు ఒక్కసారిగా లాగితే ముల్లు విరిగి మొన లోపలే ఉండిపోతుంది. ముందు కాలు పైకి తీసి, ఆ తరువాత చెప్పులోంచి ముల్లు లాగాలి. పిల్లలకు మందపాటి అడుగున్న బూట్లు వేయించు. సంచిలో పిన్నీసు, టార్చిలైటు, మంచినీళ్ళు, ఒక పొట్లం బొరుగులో చెనక్కాయలో ఉంటే చాలు.

నీటి పక్కన నడిచేటప్పుడు నీటివైపు ఎప్పుడూ పెద్దవాళ్ళే ఉండాలి, ఆ పెద్దవాళ్ళ చేతిలో సెల్‌ఫోను ఉండకూడదు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను. పెన్న దగ్గర ఇది మరీ ముఖ్యం. రంగనాయకుల గుడికి వెళ్ళినప్పుడు మీ అత్తగారు దర్శనం చేసుకొని కాసేపు కూర్చుంటారు, మీరు పిల్లలతో ఏటి ఒడ్డున కొంత దూరం నడవవచ్చు. అయితే ఏట్లోకి దిగనివ్వవద్దు. ఇసుక తవ్విన గుంతలు నీరు నిండాక పైకి కనిపించవు. మోకాలి లోతు అనుకొని అడుగు వేస్తే మనిషి లోతు ఉంటుంది. 1855లో కట్టిన పాత ఆనకట్ట గురించీ, 2022లో ప్రారంభమైన కొత్త బ్యారేజి గురించీ పెద్దవాడికి ఒడ్డునుంచే చెప్పు. బ్యారేజి మీద వాహనాలు తిరుగుతాయి, చిన్నదానితో అక్కడ నడవమని నేను చెప్పను.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మైపాడు. ఊరికి సుమారు 25 కిలోమీటర్లు. చీకటితోనే బయలుదేరితే సముద్రంలోంచి పొద్దు పొడవడం చూడవచ్చు. తడిసి గట్టిపడిన ఇసుక మీద నడిస్తే మోకాళ్ళకు అంత శ్రమ ఉండదు, పొడి ఇసుకలో కాళ్ళు కూరుకుపోయి మీ అత్తగారు ఇబ్బంది పడతారు. అక్కడ చిన్న చిన్న ఎండ్రకాయలు బొక్క చుట్టూ ఆవగింజల కంటే కాస్త పెద్దవైన ఇసుక ఉండలు పేరుస్తాయి. ఇసుక నోట పెట్టుకొని అందులోని తిండి పీల్చుకొని, మిగిలిన ఇసుకను ఉండ చేసి పక్కన పెడతాయి. మనం కదిలితే లోపలికి దూరతాయి, ఊపిరి బిగబట్టి కూర్చుంటే మళ్ళీ వస్తాయి. చిన్నది అక్కడ అరగంట కూర్చున్నా తొందరపెట్టకు, ఆ రోజుకు నడక అంతే అనుకో. స్నానానికి మాత్రం ఎంత బ్రతిమాలినా ఒప్పుకోవద్దు, అల వెనక్కి లాగే బలం పిల్లలకు తెలియదు.

ఇక నేలపట్టు పక్షుల కేంద్రం. ఇప్పుడది తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది కానీ మా తరానికి నెల్లూరు జిల్లాదే. డిసెంబరు, జనవరి నెలల్లో వెళితే నీళ్ళలో నిలబడిన చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు గూళ్ళు కట్టుకొని ఉంటాయి. ముదురు రంగు బట్టలు వద్దు, కేకలు వద్దు. తల్లిపక్షి బెదిరి లేస్తే గూట్లో పిల్లలు ఎండకు మాడతాయని చెబితే మన పిల్లలు గొంతు తగ్గిస్తారు.

సంక్రాంతికి ముందు నేను వస్తాను, నేలపట్టుకు అందరం కలిసే వెళదాం. నా పాత బైనాక్యులర్ తెస్తాను కానీ దాని పట్టీ తెగిపోయింది. పెద్దవాడి మెడకు సరిపోయే పట్టీ ఒకటి కుట్టించి ఉంచు.

ఇట్లు,
మీ పెదనాన్న