అరిగిపోయిన మార్కియానోపోలిస్ నాణెం: అచ్చులు పోల్చి గుర్తించడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఒక వైపు రెండు తలలు ఎదురెదురుగా ఉన్న కంచు నాణెం కొన్నారు. మార్కియానోపోలిస్‌ది అని చెప్పారు. బొరుసు వైపు అక్షరాలు చాలావరకు అరిగిపోయాయి. అచ్చులు పోల్చి చూడమని ఎవరో సలహా ఇచ్చారు, అది ఎలాగో తెలియడం లేదు. దాదాపు ఇలాంటి నాణెంతోనే నేను మూడు నెలల సాయంత్రాలు గడిపాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

రోమన్ నాణెం అనగానే మనవాళ్లకు నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన వెండి దీనారాల లాంటివి గుర్తొస్తాయి. వాటి మీద ఉండేది లాటిన్. మీది తూర్పు రాష్ట్రాల్లో ఒక్కో నగరం తన అవసరానికి గ్రీకు అక్షరాలతో కొట్టించుకున్న చిల్లర. మార్కియానోపోలిస్ అంటే నేటి బల్గేరియాలోని దేవ్న్యా. ట్రాజన్ చక్రవర్తి తన అక్క మార్కియానా పేరు పెట్టిన ఊరు. ఈ రకం నాణేల బొరుసు మీద గవర్నరు పేరూ ఊరి పేరూ ఉంటాయి. మధ్యలో విడిగా ఎప్సిలాన్ అక్షరం కనిపిస్తే అది ఐదు అంకె, ఐదు అస్సారియాల (అప్పటి చిన్న చిల్లర నాణేల) విలువ అని అర్థం.

ఇక అచ్చుల సంగతి. మీ నాణెమూ మరో నాణెమూ ఒకే అచ్చుతో కొట్టినవేనా అని చూడటమే అచ్చులు పోల్చడం. బొమ్మ వైపు అచ్చును దాగలిలో బిగించేవారు. దాని మీద లోహపు బిళ్ల పెట్టి, బొరుసు అచ్చును పైన నిలబెట్టి సమ్మెటతో కొట్టేవారు. దెబ్బ నేరుగా తినేది పై అచ్చే కాబట్టి అది త్వరగా పగిలేది. అందుకే ఒకే బొమ్మ అచ్చుకు రెండు మూడు బొరుసు అచ్చులు జతపడి కనిపిస్తాయి. ప్రతి అచ్చునూ చేత్తోనే చెక్కారు. ఎంత నేర్పరి అయినా రెండోసారి చెక్కినప్పుడు అక్షరాలన్నీ అదే దూరంలో పడవు. మనం వెతకవలసింది సరిగ్గా ఆ తేడానే.

నా నాణెం మీద ఎడమవైపు గడ్డంతో రోమన్ చక్రవర్తి మక్రినస్, కుడివైపు చిన్నపిల్లవాడైన అతని కొడుకు డయాడుమేనియన్. అంటే వాళ్ల పాలనాకాలమైన 217 ఏప్రిల్ నుంచి 218 జూన్ లోపు కొట్టినది. అంతవరకు సులువే. బొరుసు వైపు నిలబడిన దేవత ఎడమ చేతిలో పళ్లు నిండిన కొమ్ము స్పష్టంగా ఉంది. కుడి చేతిలో ఉన్నది మాత్రం పూర్తిగా అరిగిపోయింది. అది చుక్కాని అయితే అదృష్ట దేవత తైకే, పళ్లెం అయితే సామరస్య దేవత హోమోనోయా, తక్కెడ అయితే న్యాయ దేవత దికాయోసినే లేదా ప్రతీకార దేవత నెమెసిస్. అమ్మినవారు చీటీ మీద తైకే అని రాశారు. నేను చాలాకాలం అదే నమ్మాను.

మొదట్లో నేను ముఖాల పోలిక చూసి పొరబడ్డాను. ముక్కు, గడ్డం, జుట్టు వంకీలు అచ్చం ఒకేలా ఉన్న ఫోటో ఒకటి దొరికితే జత కుదిరిందనుకున్నాను. రెండు రోజుల తర్వాత మళ్లీ చూస్తే, నా నాణెంలో మక్రినస్ తల వెనుక రిబ్బను కొన రెండు అక్షరాల నడుమ ఆగింది. ఆ ఫోటోలో నేరుగా ఒక అక్షరం మీదికి వెళ్లింది. చెక్కిన చెయ్యి ఒకటే కావచ్చు, అచ్చు వేరు. కాబట్టి శైలిని పక్కన పెట్టి బొమ్మకూ అక్షరాలకూ మధ్య దూరాలు చూడండి. ముక్కు కొన నుంచి గీత గీస్తే ఏ అక్షరాన్ని తాకుతోంది? భుజం అంచు ఎక్కడ ఆగింది? చిలుము, అరుగుదల, గీతలు ఒక వివరాన్ని చెరిపేయగలవు, కానీ అక్షరాన్ని పక్కకు జరపలేవు. చోటు మారిన అక్షరం ఒక్కటి స్పష్టంగా కనిపించినా, రెండుసార్లు దెబ్బ పడిన గుర్తులు లేకపోతే, నేను ఆ జతను వదిలేస్తాను.

చివరికి నాకు దారి చూపినది బొరుసు వైపే. దేవత తలకు కుడి పక్కన మ్యూ (M) అక్షరం కొద్దిగా వాలి ఉంది. దాని తర్వాత రెండో అక్షరమైన రో (P) తోక కొమ్ము అంచును తాకుతోంది. చాచిన చేతి కింద ఎప్సిలాన్, మామూలు కంటే ఒంటికి దగ్గరగా ఉంది. ఈ మూడూ అదే చోట ఉన్న నాణెం ఒకటి ఒక మ్యూజియం ఫోటోల్లో కనిపించింది. దాని మీద గవర్నరు పోంటియానస్ పేరు చదవగలిగేలా ఉంది, దేవత చేతిలో తక్కెడ రెండు పళ్లేలతో సహా ఉంది. నా నాణెం మీద నేను మచ్చ అనుకున్న చిన్న ఉబ్బు ఎడమ పళ్లెం! ఆ రాత్రి చీటీ మార్చి రాశాను. అరిగిన నాణెం పోగొట్టుకున్న వివరాలను అదే అచ్చులో పుట్టిన తోబుట్టువు ఇలా తిరిగి ఇస్తుంది.

వెతకడానికి ఆక్స్‌ఫర్డ్‌లో నడుస్తున్న రోమన్ ప్రొవిన్షియల్ కాయినేజ్ జాబితా, బెర్లిన్‌లోని కార్పస్ నమ్మోరమ్, రెండూ ఆన్‌లైన్‌లో ఉచితం. మార్కియానోపోలిస్ ఉన్న దిగువ మోసియా అనే రోమన్ రాష్ట్రానికి రెండోది ప్రత్యేకంగా పనికొస్తుంది, ఎందుకంటే అందులో అచ్చుల వారీగా కూడా నమోదు చేస్తారు. మీ నాణేన్ని ఎడమ పై మూల నుంచి వెలుగు పడేలా, కెమెరా నిటారుగా ఉంచి ఫోటో తీయండి. రెండు ఫోటోలనూ నలుపు తెలుపులోకి మార్చి పోల్చండి. పంతొమ్మిదో శతాబ్దంలో స్విట్జర్లాండ్‌కు చెందిన నాణేల పరిశోధకుడు ఇమ్‌హూఫ్-బ్లూమర్ నాణేలకు ప్లాస్టర్ నకళ్లు పోసుకుని పోల్చేవాడు. చిలుము రంగు కంటిని మోసం చేయకుండా అంతా ఒకే తెలుపులో కనిపించేది. మనకు ఆ మేలు ఫోనులోనే దొరుకుతోంది.

బొమ్మ వైపు జత కుదిరినంత మాత్రాన ఊరు తేలిపోదు. ఆ వైపు ఊరి పేరు ఉండదు కాబట్టి ఒకే అచ్చును వేర్వేరు నగరాలకు వాడిన సందర్భాలు ఉన్నాయి. ఆసియా మైనర్ నగరాల విషయంలో జర్మన్ పరిశోధకుడు కొన్రాడ్ క్రాఫ్ట్ 1972లో వెలువడిన పుస్తకంలో దీన్ని విస్తారంగా చూపించాడు.

ఒక హెచ్చరిక కూడా. అచ్చు కలిస్తే సంతోషించండి, బిళ్ల కూడా కలిస్తే భయపడండి. అంచు ఆకారం, పగులు, బొమ్మ పక్కకు జరిగిన తీరు, గీతలు అన్నీ మరో నాణెంతో అక్షరాలా సరిపోతే, వాటిలో కనీసం ఒకటి పోత పోసిన నకలు. ఏ రెండు బిళ్లల మీదా దెబ్బ అంత సమంగా పడదు. జత అసలే దొరకకపోతే మాత్రం కంగారు అక్కర్లేదు. ఒక్క నాణెం మాత్రమే మిగిలిన అచ్చులు బోలెడు.

మీ నాణెం బరువు, వ్యాసం, బొమ్మ నిటారుగా పట్టుకుని తిప్పినప్పుడు బొరుసు ఎటు వాలిందో రాయండి. దేవత తల పక్కన ఏ అక్షరాలు మిగిలాయి, ఎప్సిలాన్ ఏ వైపు ఉంది అనేవి కూడా చెప్పండి. పోంటియానస్ నాణేల ఫోటోలు నేను అచ్చుల వారీగా విడదీసి దాచుకున్నాను, వాటితో పోల్చి చూస్తాను.