సొంతంగా ఉండబోతున్న చెల్లికి

ప్రియమైన చెల్లీ,

అమ్మానాన్నల ఇల్లు వదిలి వేరే ఇంట్లో ఉండాలని ఉందనీ, ఆ మాట ఎత్తగానే ఇంట్లో అందరూ కంగారుపడ్డారనీ రాశావు. "నా పనులే నేను చేసుకోలేను, ఇది అత్యాశేమో అక్కా" అన్నావు. అత్యాశ కాదు. నీలాగే నాకూ మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. మంచం మీద నుంచి కుర్చీలోకి మారడానికి ఈ రోజుకీ ఇంకొకరి చేతులు కావాలి. అయినా చాలా ఏళ్లుగా నా ఇంట్లో నేను ఉంటున్నాను. ఏ పూట ఏం జరగాలో, ఎవరు లోపలికి రావాలో నేనే చెబుతున్నాను.

మనకంటే ఎక్కువ సాయం అవసరమైనవాళ్లే ఈ దారి వేశారు. అమెరికాకు చెందిన ఎడ్ రాబర్ట్స్‌కు పోలియో వల్ల మెడ కింది భాగం దాదాపుగా చచ్చుబడిపోయింది. రాత్రిళ్లు ఐరన్ లంగ్ అనే శ్వాసయంత్రంలో పడుకునేవారు. 1962లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరినప్పుడు ఆ యంత్రాన్ని పెట్టడానికి వీలైన హాస్టల్ గది దొరకక, క్యాంపస్ ఆస్పత్రిలోనే ఒక భాగంలో ఉండి చదువుకున్నారు. తర్వాత మరికొందరు వికలాంగ విద్యార్థులు అక్కడికి చేరారు. తమ సహాయకులను తామే ఎంచుకుని, తామే పని నేర్పుకున్నారు. ఆ అనుభవంలో నుంచే 1972లో బర్కిలీలో, సొంతంగా బతకాలనుకునే వికలాంగులకు తోటి వికలాంగులే సాయపడే స్వతంత్ర జీవన కేంద్రం పుట్టింది. ఒకప్పుడు ఆయన్ను ఉద్యోగానికి పనికిరాని మనిషిగా లెక్కగట్టిన కాలిఫోర్నియా రాష్ట్ర పునరావాస శాఖకే 1975లో ఆయన అధిపతి అయ్యారు. నిన్ను ఆపేవాళ్లకు ఈ సంగతి చెప్పు.

ఇక పనిలోకి వద్దాం. ఇల్లు వెతకడం కంటే ముందు నువ్వు నేర్చుకోవలసింది ఒకటుంది. నీ ఒంటికి ఏం కావాలో కొత్త మనిషికి చెప్పి చేయించుకోవడం. ఇంతకాలం ఆ అవసరమే రాలేదు. నువ్వు నోరు తెరవకముందే అమ్మకు అర్థమైపోయేది. రేపు వచ్చే అమ్మాయికి అలా అర్థం కాదు, అర్థం కావాలని ఆశించడం న్యాయమూ కాదు.

ఒక వారం పాటు నీ రోజును కాగితం మీద పెట్టు. నిద్ర లేచినప్పటి నుంచి మళ్లీ నిద్ర లేచేదాకా ఎవరి సాయం ఎప్పుడు తీసుకున్నావు, ఎన్ని నిమిషాలు పట్టింది, అదే సాయం ఒక గంట ఆలస్యమైతే ఏమవుతుంది అన్నవి రాసుకో. అన్నిటికంటే ఆ చివరి ప్రశ్నకు జవాబే ఎక్కువ పనికొస్తుంది. బట్టలు ఉతకడం రేపటికి వాయిదా వేయవచ్చు, మూత్రం సంచి ఖాళీ చేయడం వాయిదా వేయలేం. రాత్రి పక్క మార్చడం సంగతి ప్రత్యేకంగా చూసుకో. ఒత్తిడి పుళ్లు పడకుండా పడకలో రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలని మామూలుగా చెబుతారు. మంచి పరుపు ఉంటే, నీ చర్మం తట్టుకోగలిగితే ఆ వ్యవధి పెంచవచ్చేమో డాక్టరును అడుగు. రాత్రంతా మనిషి ఇంట్లో ఉండాలా, నడుమ ఒకసారి వచ్చి వెళితే చాలా అన్నది దాన్నిబట్టే తేలుతుంది. ఖర్చులో పెద్ద తేడా వచ్చేది కూడా అక్కడే.

ఆ జాబితా చేతికి వచ్చాక ఒక్కో పనినీ మాటల్లో పెట్టు. "కాస్త జాగ్రత్తగా కుర్చీలో కూర్చోబెట్టు" అంటే ఎవరి జాగ్రత్త వాళ్లది. "కుర్చీని మంచానికి ఆనించి బ్రేకులు వేయి. కాళ్ల పలకలు పక్కకు తిప్పు. జారుడు పలకను నా కుడి తొడ కిందికి జరుపు. నా మోకాళ్లు జారకుండా నీ మోకాళ్లు అడ్డుపెట్టు. నేను సరే అన్నాకే జరుపు" అని చెప్పి చూడు. మొదటిసారి వచ్చిన మనిషి కూడా చేయగలదు. అమ్మను పక్క గదిలో కూర్చోమని, పిన్నితోనో స్నేహితురాలితోనో ఇలా చేయించుకో. లోపలి నుంచి అమ్మ సలహా చెప్పబోతే వద్దను. నీ గొంతుకు, నీ మాటకు అలవాటు పడాలి, ముందు నువ్వు, తర్వాత మిగతావాళ్లు.

ఒక్క విషయం మాత్రం ఇంటికి వచ్చే ప్రతి సహాయకురాలికీ మొదటి రోజే నేర్పు, గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టు. ఛాతీ మధ్యభాగంలో గానీ ఆ పైన గానీ వెన్నుపాము దెబ్బతిన్న మనలాంటివాళ్లకు ఒక్కోసారి రక్తపోటు హఠాత్తుగా పెరిగిపోతుంది. తల పగిలిపోతున్నట్టు నొప్పి, ముఖం ఎర్రబడటం, దెబ్బతిన్న చోటికి పైభాగంలో చెమటలు దీని గుర్తులు. చాలాసార్లు మూత్రాశయం నిండిపోవడమో, మూత్రాన్ని బయటికి తీసే కాథెటర్ గొట్టం మడతపడటమో కారణం అవుతుంది. మలబద్ధకం, బిగుతు బట్టలు కూడా కారణం కావచ్చు. చూసినవాళ్లు కంగారుపడి పడుకోబెడతారు, అది ప్రమాదం. నిటారుగా కూర్చోబెట్టాలి, కాళ్లు కిందికి దించాలి, బట్టలు వదులు చేయాలి, వెంటనే గొట్టం చూడాలి. తగ్గకపోతే క్షణం ఆలస్యం చేయకుండా అంబులెన్సును పిలవాలి. ఈ సమస్య పేరు అటనామిక్ డిస్‌రిఫ్లెక్సియా. ఆస్పత్రిలో కూడా దీని గురించి తెలియనివాళ్లు ఉంటారు కాబట్టి ఒక కార్డు మీద రాసి నీ సంచిలో పెట్టుకో.

సహాయకురాలిని ఎంచుకునేటప్పుడు అనుభవం చూసి మురిసిపోకు. "నాకన్నీ తెలుసు, మీరేం చెప్పక్కర్లేదు" అనే మనిషికంటే "ఇదెలా చేయమంటారు?" అని అడిగే మనిషి మేలు. ఒక పూట జీతం ఇచ్చి పని చేయించి చూడు. నువ్వు చెప్పింది వింటోందా, నీతో మాట్లాడుతోందా, నీ తల మీదుగా నీ పక్కనున్నవాళ్లతో మాట్లాడుతోందా గమనించు. పనిగంటలు, జీతం, సెలవులు, చేయాల్సినవి, చేయకూడనివి, మానాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవి కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం చేయండి. ఆమె నీ దగ్గర ఉద్యోగం చేస్తోంది, ఆమెకూ ఇల్లూ అలసటా ఉంటాయి. జీతం చెప్పిన రోజుకే ఇవ్వు. పని బాగాలేకపోతే ఆ రోజే మర్యాదగా చెప్పు. మనసులో దాచుకుని నెల తర్వాత విరుచుకుపడటం ఇద్దరికీ మంచిది కాదు.

ఒక్కరి మీదే ఆధారపడకు. ఇద్దరు వంతులవారీగా వచ్చేలా చూసుకో, అవసరానికి పిలిస్తే రాగల మూడో మనిషి ఫోను నంబరు ఉంచుకో. బ్యాంకు రహస్య సంఖ్య ఎవరికీ ఇవ్వకు. రోజూ ఒకే సమయానికి నీకు ఫోను చేసే మనిషి ఒకరుండాలి. నువ్వు తీయకపోతే ఏం చేయాలో వాళ్లకు ముందే చెప్పి ఉంచు. సహాయకురాలి ప్రవర్తన ఎక్కడైనా భయం కలిగిస్తే సర్దుకుపోవద్దు. "ఈమె పోతే ఎవరూ దొరకరేమో" అన్న ఆలోచనే చాలామందిని హింస భరించేలా చేస్తుంది. రెండో మనిషి, మూడో మనిషి ఉండాలని అంత గట్టిగా చెప్పేది అందుకే.

సేవాసంస్థ ద్వారా సహాయకులను పెట్టుకోవాలనుకుంటున్నావు కదా. సంతకం చేయకముందు కొన్ని అడుగు. నేను పడుకునే వేళ ఎవరు నిర్ణయిస్తారు? వచ్చే మనిషిని నేను కాదనవచ్చా? రోజుకో కొత్త మనిషిని పంపుతారా? మా ఇంటికి ఎవరైనా వస్తే మీకు చెప్పాలా? ఇల్లూ సేవా ఒకే సంస్థ ఇస్తానంటే మరింత ఆలోచించు. సేవ నచ్చక మానుకుంటే ఇల్లు కూడా పోతుంది, ఆ భయంతో నోరు మూసుకుని ఉండిపోతాం. అందుకే ఇల్లు ఒకరి దగ్గర, సేవ మరొకరి దగ్గర తీసుకోవడమే నా సలహా.

నలుగురైదుగురుండే చిన్న ఇల్లయినా, లేచే వేళ, తినే వేళ, గదిలో తోడుండే మనిషి అన్నీ దాన్ని నడిపేవాళ్లే నిర్ణయిస్తే అది సొంత ఇల్లు కాదు, అది కూడా మనల్ని ఉంచేసే వసతిగృహమే. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన ఒడంబడికలో 19వ అధికరణం చదువు. ఎక్కడ ఉండాలో, ఎవరితో ఉండాలో ఇతరులతో సమానంగా ఎంచుకునే హక్కు మనకుందని, ఫలానా ఏర్పాటులోనే ఉండమని మనల్ని బలవంతపెట్టకూడదని, వ్యక్తిగత సహాయకుల సేవ అందుబాటులో ఉండాలని అందులో ఉంది. అధికారుల ముందు కూర్చున్నప్పుడు ఆ కాగితం నీ ఒళ్లో ఉంచుకో.

ఇంటి విషయంలో ర్యాంపును కళ్లతో చూసి నమ్మకు, కొలిపించు. ఒక అంగుళం ఎత్తుకు 12 అంగుళాల పొడవు ఉండాలి. ఆరేసి అంగుళాల మెట్లు మూడున్నాయంటే 18 అడుగుల ర్యాంపు కావాలి. తలుపు తెరిచాక కనీసం 32 అంగుళాల ఖాళీ, స్నానాల గదిలో కుర్చీ తిప్పుకోవడానికి ఐదడుగుల చోటు ఉండేలా చూసుకో.

మనలాంటి అనుభవమే ఉండి ఇప్పటికే సొంతంగా ఉంటున్న ఒకరింటికి వెళ్లి ఒక పూట గడిపిరా. వైద్యులూ సామాజిక కార్యకర్తలూ చెప్పలేనివి అక్కడ తెలుస్తాయి. స్వతంత్ర జీవన కేంద్రాలు తోటి వికలాంగుల సలహాను తమ పనిలో ముఖ్య భాగంగా పెట్టుకున్నది ఇందుకే.

డబ్బు చాలనప్పుడు చాలామంది బయటికి వెళ్లే గంటలను ముందుగా కోసేస్తారు. స్నానం, భోజనం, మందులు ఉంటే చాలనుకుంటారు. నువ్వు అలా చేయకు. వారంలో రెండు మూడుసార్లైనా గ్రంథాలయానికో, స్నేహితుల ఇంటికో, సమావేశానికో వెళ్లడానికి సహాయకురాలి గంటలు విడిగా రాసిపెట్టు. గడప దాటకపోతే ఇల్లు మారినా ఒంటరితనం మారదు. పొరుగువాళ్లతో పరిచయం పెంచుకో, వాళ్లను ఉచిత నర్సులుగా మార్చకు. అడిగితే చిన్నదీ స్పష్టమైనదీ అడుగు, వాళ్లకు నువ్వు చేయగలిగింది నువ్వూ చెయ్యి.

నీ స్నేహితురాలి తమ్ముడి గురించి అడిగావు. మేధోవైకల్యం ఉన్నంత మాత్రాన అతని తరఫున ఇతరులు నిర్ణయించాలని లేదు. అతను నమ్మే ఇద్దరు ముగ్గురు కూర్చుని, బొమ్మలతో, సులువైన మాటలతో ఒక్కొక్క ఎంపికనూ వివరించి, అతని జవాబు కోసం ఓపికగా ఆగాలి. ఏ బట్టలు వేసుకోవాలి, చేతిలోని డబ్బు దేనికి ఖర్చు పెట్టాలి అన్నవాటితో మొదలుపెట్టమను. ఆ తర్వాత అతను ఉండబోయే ఇంటికి రెండు రాత్రుళ్లు తీసుకెళ్లి, ఉదయం అతని ముఖం చూడమను.

అమ్మ సంగతి. ఆమె భయాన్ని కొట్టిపారేయకు, ఇన్నేళ్లు నిన్ను బతికించింది ఆ జాగ్రత్తే. ఒక్కసారిగా వెళ్లిపోకుండా, ఇప్పుడున్న ఇంట్లోనే సహాయకురాలిని పెట్టుకుని మొదలుపెట్టు. తర్వాత వారాంతాలు బయట గడుపు. సహాయకురాలు రాని రోజున ఏం చేస్తావో రాసిన కాగితం అమ్మకు చూపించు, చదివి తప్పులు పట్టమను. కొత్త ఇంటికి వచ్చినప్పుడు మాత్రం ఆమెను పనికి పిలవకు. ఆమె నిన్ను చూడటానికి రావాలి.

ఈ వారం రాత్రి పనుల జాబితా ముందు రాయి. పక్క మార్చడం, గొట్టం చూడటం, దాహం వేస్తే నీళ్లివ్వడం, అన్నీ. నాకు పంపితే, ఎన్ని గంటలకు మనిషి కావాలో ఇద్దరం కలిసి లెక్క వేద్దాం.

ప్రేమతో,
నీ అక్క