‘ఆల్దో’ రాశాక ‘బట్’ ఎందుకొస్తుంది? ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో లింకింగ్ వర్డ్స్ గోల

ప్రశ్న: విశాఖలో ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్ష కోచింగ్‌కి వెళ్తున్నాను. అరవై లింకింగ్ వర్డ్స్ (వాక్యాల్ని కలిపే మాటలు) ఉన్న షీట్ ఇచ్చి బట్టీ పట్టమన్నారు. అన్నీ వచ్చేశాయి. ఆల్దో ఐ ప్రిపేర్డ్ ఫర్ త్రీ మంత్స్, బట్ ఐ గాట్ ఓన్లీ 5.5 ఇన్ రైటింగ్. ఒక ఎస్సేలో ఎన్ని లింకింగ్ వర్డ్స్ వాడితే 7 వస్తుంది?

జవాబు:

మీ 5.5కి కారణం మీ ప్రశ్నలోనే ఉందండీ. ఆ ఒక్క ఇంగ్లీషు వాక్యం మళ్ళీ చదవండి. ఆల్దో అన్నారు, కామా పెట్టి మళ్ళీ బట్ అన్నారు. రెండూ చేసేది ఒకటే పని. ఏదో ఒకటి కొట్టేస్తే వాక్యం నిలబడుతుంది. రెండూ ఉంచితే అది ఎగ్జామినర్ పెన్సిల్ ఆగే చోటు.

ఇది మీకు ఇంగ్లీషు రాక జరిగింది కాదు, తెలుగు బాగా రావడం వల్ల జరిగింది. ‘మూడు నెలలు చదివినా కానీ 5.5 వచ్చింది’ అంటాం. ‘చదివినా’లో ఉన్న ‘నా’తోనే పనైపోయింది, అయినా ‘కానీ’ తగిలిస్తాం, ఎవరి చెవికీ తేడా అనిపించదు. ‘ఎందుకంటే బస్సు రాలేదు కాబట్టి’ అంటాం. ముందు ‘ఎందుకంటే’, వెనక ‘కాబట్టి’. తెలుగులో ఈ కలిపే ముడి రెండు కొసలా వేసినా చెల్లుతుంది. ఇంగ్లీషులో ఒక కొసే. బికాజ్ రాస్తే సో ఉండదు, ఆల్దో రాస్తే బట్ ఉండదు. అరవై మాటల షీట్‌లో ఈ సంగతి ఎక్కడా ఉండదు.

ఈ జబ్బు కోచింగ్‌లో అంటుకున్నది కూడా కాదు. ఆరో తరగతిలో నేర్పే లీవ్ లెటర్ గుర్తు తెచ్చుకోండి. ‘ఆజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, సో ఐ యామ్ నాట్ ఏబుల్ టు అటెండ్ ద స్కూల్.’ రాష్ట్రంలో సగం మంది పిల్లలు జ్వరం పేరుతో ఈ ఆజ్-సో జోడీని కంఠస్థం చేస్తారు, తర్వాత ఆఫీసు మెయిల్స్‌లో రిటైరయ్యే దాకా మోస్తారు. ఇక్కడ సో తీసేసి కామా ఉంచండి, చాలు.

రెండో ఇబ్బంది ముడి పడే చోటు. ‘వర్షం పడింది కాబట్టి స్కూలు మూసేశారు’లో ‘కాబట్టి’ కారణం అయిపోయాక వస్తుంది. బికాజ్ కారణానికి ముందు వస్తుంది. అందుకని బికాజ్ రాసిన ప్రతిసారీ దాని కుడి పక్కన ఉన్నది కారణమో ఫలితమో వేలు పెట్టి చూసుకోవాలి. ఇంకో చిక్కు ఫుల్‌స్టాప్. ‘ఆలస్యమైంది. ఎందుకంటే బస్సు రాలేదు.’ తెలుగులో ఇవి రెండు చక్కటి వాక్యాలు. ‘ఐ వజ్ లేట్. బికాజ్ ద బస్ డిడ్ నాట్ కమ్.’ ఇంగ్లీషులో రెండోది తోక మాత్రమే, వాక్యం కాదు. ఆ ఫుల్‌స్టాప్ తీసేస్తే సరిపోతుంది.

ఇప్పుడు లెక్క అడిగారు కాబట్టి ఒక పేరా మీద చూపిస్తాను. ప్రకృతి వైపరీత్యాల మీద టాపిక్ వస్తే మన విశాఖ కుర్రాళ్ళలో పదికి ఎనిమిది మంది హుద్‌హుద్ రాస్తారు. కళ్ళారా చూసిన తుపాను, తప్పు లేదు. రాసే తీరు ఇలా ఉంటుంది. కాగితాల్లో మళ్ళీ మళ్ళీ కనిపించే తప్పులన్నీ ఒకే చోట పోగేసి పెట్టాను, పైకి చదవండి:

‘నవడేస్, సైక్లోన్స్ ఆర్ వెరీ కామన్. మోర్ఓవర్, హుద్‌హుద్ కేమ్ టు విశాఖపట్నం ఇన్ 2014. ఆల్దో ద గవర్నమెంట్ గేవ్ వార్నింగ్, బట్ సమ్ పీపుల్ డిడ్ నాట్ గో. ఫర్దర్‌మోర్, ఎలక్ట్రిసిటీ వజ్ నాట్ దేర్ ఫర్ మెనీ డేస్. బికాజ్ ద పోల్స్ ఫెల్, సో వాటర్ పంప్స్ డిడ్ నాట్ వర్క్. ఆన్ ది అదర్ హ్యాండ్, పీపుల్ సఫర్డ్ ఎ లాట్ ఫర్ మిల్క్. హెన్స్, వుయ్ షుడ్ ప్లాంట్ ట్రీస్.’

ఏడు వాక్యాలు. ఏడింటికీ తలపాగాలే, ఒక్కటీ ఉత్త తలతో లేదు. ఒక్కొక్కటీ విప్పి చూద్దాం.

నవడేస్ దగ్గరే మొదటి దెబ్బ. అది ముడి కాదు, కాలం చెప్పే మాట. వెంటనే 2014 సంగతి చెప్పబోతూ ‘ఈ రోజుల్లో’ అనడం ఎందుకు?

మోర్ఓవర్ రావాలంటే దాని ముందు ఒక వాదన, దాన్ని నిలబెట్టే కారణం ఒకటి ఉండాలి. దానికి ఇంకో కారణం, వీలైతే మరింత బలమైనది, తోడు చేసేటప్పుడే మోర్ఓవర్. ‘తుపానులు మామూలే’ అన్నాక ‘హుద్‌హుద్ వచ్చింది’ అనడం ఉదాహరణ చెప్పడం. పెడితే గిడితే ఫర్ ఎగ్జాంపుల్ పెట్టాలి. ఫర్దర్‌మోర్ కూడా ఇదే బాపతు. జనం ఇల్లు వదలకపోవడానికి, కరెంటు పోవడానికి మధ్య ‘అంతేకాక’ అనే బంధం లేదు. కథ ముందుకు నడిచింది, అంతే. కథ నడిచే చోట ఏ మాటా అక్కర్లేదు.

ఆల్దో-బట్, బికాజ్-సో సంగతి పైన చెప్పేశాను.

ఆన్ ది అదర్ హ్యాండ్ అంటే ‘మరో చేతి వైపు’. మొదటి చెయ్యి ఏది? నీళ్ళు లేవు, పాలు లేవు, రెండూ కష్టాలే, రెండూ ఒకే చెయ్యి. ఒకే విషయానికి రెండు ఎదురెదురు కోణాలు ఉన్నప్పుడే ఇది పనికొస్తుంది. దీని చుట్టం ఆన్ ద కాంట్రరీ ఇంకా ప్రమాదం. అది ముందు వాక్యంలోని మాటను ‘కాదు, నిజం దానికి పూర్తిగా తలకిందులు’ అని కొట్టిపారేస్తుంది. ఈ రెంటినీ షీట్‌లో ఒకే గడిలో పెట్టి ‘కాంట్రాస్ట్’ అని రాసేస్తారు.

ఇక హెన్స్. పాలు దొరకలేదు, కావున చెట్లు నాటాలి. ఇది ముడి తప్పు కాదు, మధ్యలో వాక్యం మాయమైంది. గాలికి ఊళ్ళో చెట్లు కూలిపోయాయని ముందు రాసి ఉంటే నాటడం గురించి చెప్పొచ్చు. ఇక్కడ హెన్స్ బదులు దేర్‌ఫోర్ పెట్టినా కాన్సిక్వెంట్లీ పెట్టినా ఆ గొయ్యి పూడదు. సగం కాగితాల్లో లింకింగ్ వర్డ్ ఇలా గొయ్యి మీద పరిచిన గోనెపట్టా.

ఇప్పుడు అదే సరుకుతో:

‘వెన్ హుద్‌హుద్ హిట్ విశాఖపట్నం ఇన్ అక్టోబర్ 2014, పీపుల్ నియర్ ద షోర్ హాడ్ ఆల్రెడీ బీన్ వార్న్డ్. సమ్ ఆఫ్ దెమ్, హవెవర్, రిఫ్యూజ్డ్ టు లీవ్. ద విండ్ బ్రాట్ డౌన్ ఎలక్ట్రిక్ పోల్స్ అక్రాస్ ద సిటీ. వితౌట్ పవర్, ద పంప్స్ స్టాప్డ్ అండ్ ద ట్యాప్స్ రాన్ డ్రై. దిస్ షార్టేజ్ వజ్ వర్స్ట్ ఇన్ అపార్ట్‌మెంట్స్. మిల్క్ వజ్ జస్ట్ ఆజ్ హార్డ్ టు ఫైండ్.’

షీట్‌లో ఉండే పెద్ద మాట ఒక్కటే, హవెవర్. అదీ వాక్యం మధ్యలో దాక్కుంది. మిగతా ముడులు ఎక్కడున్నాయో చూడండి. సమ్ ఆఫ్ దెమ్‌లో ‘దెమ్’ వెనక వాక్యంలోని జనాన్ని పట్టుకుంది. పోల్స్ పడ్డాయన్నాక ‘వితౌట్ పవర్’ అన్నది కారణాన్ని మోసింది. ‘జస్ట్ ఆజ్’ పాలని నీళ్ళ పక్కన కూర్చోబెట్టింది. అన్నిటికన్నా పనిమంతురాలు ‘దిస్ షార్టేజ్’. ముందు చెప్పిన సంగతి మొత్తాన్ని ఒక్క నామవాచకంలో మూటగట్టి, ముందు ‘దిస్’ పెట్టి, కొత్త వాక్యం అక్కణ్ణుంచి మొదలుపెట్టడం. దిస్ డిలే, దిస్ ఫియర్, సచ్ వార్నింగ్స్. తెలుగులో ‘ఈ కొరత’, ‘ఆ భయం’ అని రోజూ చేసే పనే, కొత్తగా నేర్చుకునేదేమీ లేదు. ఒక్క జాగ్రత్త: ఉత్త ‘దిస్’ అని వదిలేయకండి, వెనక మూడు సంగతులుంటే దేన్ని అంటున్నారో తెలీదు.

ఐఈఎల్‌టీఎస్ వాళ్ళ బ్యాండ్ వివరణలు, అంటే ఏ స్కోరుకి ఎలా రాయాలో చెప్పేవి, బయటే దొరుకుతాయి. టాస్క్ 2కి, అంటే ఎస్సేకి, నాలుగు కొలతలు, నాలుగూ సమానం. అందులో కోహిరెన్స్ అండ్ కోహిజన్ ఒకటి, అంటే రాసింది ఒక వరసలో సాగడం, వాక్యాలు ఒకదానికొకటి అతకడం. కలిపే మాటలు తక్కువైనా, తప్పుగా పడినా, అతిగా వాడినా బ్యాండ్ 5 లక్షణమని రాసి ఉంటుంది. ముడులు యాంత్రికంగా ఉంటే బ్యాండ్ 6 దగ్గర ఆగుతారు. బ్యాండ్ 9 దగ్గర ఏముంటుందో తెలుసా? ముడి దాదాపు కంట పడకూడదు. మరి కంట పడేలా అరవై మాటలు నేర్పడం ఏటో, కోచింగ్ సెంటర్లుండే ద్వారకానగర్ సందుల్లో జిరాక్స్ మిషన్లకే తెలియాలి.

తెలుగులో మాత్రం మనం శుద్ధంగా ఉన్నామా అంటే అదీ లేదు. ఏ పేపర్ తెరిచినా ‘కాగా’, ‘ఇదిలా ఉండగా’, ‘ఈ నేపథ్యంలో’, ‘దీంతో’. మన మోర్ఓవర్‌లు అవే. ‘దీంతో’ తీసేసి వార్త చదవండి, అర్థంలో వీసమెత్తు తేడా రాదు. అసలు తెలుగుకి అంత అవసరం లేదు. ‘లేచి, మొహం కడుక్కుని, టీ తాగి, మద్దిలపాలెంలో బస్సెక్కి, కాంప్లెక్స్‌లో దిగాడు.’ నాలుగు ముడులూ క్రియల తోకల్లోనే ఉన్నాయి. దీన్ని ఇంగ్లీషులో పెట్టేటప్పుడే పిల్లలు ‘దెన్, ఆఫ్టర్ దట్, అండ్ దెన్’ అని పోస్తారు. ఇంగ్లీషుకీ అక్కర్లేదు: క్రియల మధ్య కామాలు, ఆఖరి క్రియ ముందు ఒక్క అండ్.

మార్కులు ఎక్కువగా పోయే ఇంకో చోటు కామా. మాటల్ని అర్థాన్ని బట్టి కాక, వాక్యంలో ఎలా కూర్చుంటాయన్న దాన్ని బట్టి గుర్తుపెట్టుకోండి. బట్, సో లాంటివి రెండు పూర్తి వాక్యాల్ని కలుపుతాయి, ముందు కామా చాలు. ఆల్దో, బికాజ్, వెన్, ఇఫ్ వాక్యం మొదట్లో వస్తే ఆ ముక్క చివర కామా. బికాజ్, వెన్, ఇఫ్ మధ్యలో వస్తే మామూలుగా కామా వద్దు. హవెవర్, దేర్‌ఫోర్, మోర్ఓవర్ వేరే జాతి. వీటికి రెండు వాక్యాల్ని కలిపే బలం లేదు. ‘ఇట్ రెయిన్డ్, హవెవర్ వుయ్ వెంట్’ తప్పు. హవెవర్ ముందు ఫుల్‌స్టాప్, తర్వాత కామా. సెమీకోలన్ కూడా పెట్టొచ్చు, నమ్మకం లేకపోతే దాని జోలికి పోకండి. హవెవర్‌ని పెద్ద సైజు బట్ అనుకోవడం వల్లే ఈ తప్పు వస్తుంది. ఇక డిస్పైట్, బికాజ్ ఆఫ్, డ్యూ టు వెనక నామవాచకం, లేదా ‘ఇంగ్’ రూపం రావాలి. ‘డిస్పైట్ ద రెయిన్’ ఒప్పు, ‘డిస్పైట్ ఇట్ రెయిన్డ్’ తప్పు, ‘డిస్పైట్ ఆఫ్’ అనేది లేనే లేదు. ఆ ‘ఆఫ్’ ఇన్ స్పైట్ ఆఫ్ నుంచి ఎగిరొచ్చి వాలుతుంది.

చిన్నవి రెండు. ఎట్ లాస్ట్ అంటే ‘ఎట్టకేలకు’, చివరి పాయింట్ చెప్పడానికి లాస్ట్‌లీ, లేదా ఫైనల్లీ. ‘ఫర్ ఎగ్జాంపుల్, సింహాచలం, కైలాసగిరి.’ అని ఆపేస్తే వాక్యం కాదు, క్రియ ఏదీ? పేర్లు మాత్రమే చెప్పాలంటే ముందు వాక్యంలోనే సచ్ ఆజ్ పెట్టి చెప్పేయండి.

లెక్కే కావాలంటే నా లెక్క ఇది. 250 మాటలు తప్పనిసరి గనక 260, 280 మధ్య రాస్తారు, నాలుగు పేరాలు. అందులో హవెవర్ జాతివి నాలుగైదుకి మించొద్దు, ఒకే మాట రెండుసార్లు వద్దు. వాక్యం మొదట్లో ముడి మాటలు మూడు వాక్యాలకి ఒకటికన్నా ఎక్కువ కనిపిస్తే అనుమానించండి. సో, అండ్, బట్‌లకి లెక్క లేదు.

సాధన ఇలా చెయ్యండి. పాత ఎస్సే ఒకటి తీసి షీట్‌లో ఉన్న ప్రతి మాట చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. అన్నీ కొట్టేసి పైకి చదవండి. ఎక్కడ అర్థం తెగిందో అక్కడే ఆగి, ఈ రెండు వాక్యాల మధ్య ఏముందో తెలుగులో ఒక్క మాటలో చెప్పుకోండి: ‘అందుకే’, ‘అయినా’, ‘అప్పుడు’, ‘ఉదాహరణకి’, ‘పైగా’. చెప్పగలిగితే దానికి తగ్గది ఒక్కటి పెట్టండి. చెప్పలేకపోతే అక్కడ మాట కాదు, వాక్యమే కావాలి. ఒక ఎస్సేకి ఇరవై నిమిషాలు పడుతుంది. పదో ఎస్సే దగ్గర సున్నాలు వాటంతటవే తగ్గుతాయి. పరీక్షలో టాస్క్ 2కి వాడుకునే నలభై నిమిషాల్లో ఆఖరి మూడూ ఈ కొట్టివేతకే ఉంచుకోండి, చేర్చడానికి కాదు.

స్పీకింగ్ గురించి మీరు అడగలేదు గానీ, ఆ షీట్ అక్కడికి అసలు తీసుకెళ్ళకండి. ఎదురుగా కూర్చున్న మనిషితో మోర్ఓవర్ అంటే బట్టీ అని రెండో నిమిషంలోనే తెలిసిపోతుంది. ‘ఇంకోటేంటంటే’ అని మనం అనే చోట ‘అనదర్ థింగ్ ఈజ్’ అనండి, ‘అందుకే మరి’ అనే చోట ‘దట్స్ వై’ అనండి. ప్రతి జవాబూ ‘సో...’ అని మొదలుపెట్టే అలవాటుంటే ఫోన్‌లో రికార్డ్ చేసుకుని లెక్కపెట్టండి.