విద్యార్థిగా కొత్త సోషల్ యాప్‌లు, సినిమాలు, ఆన్‌లైన్ షాపింగ్ గురించి మీ అనుభవం ఏమిటి?

ఈ ప్రశ్న చూడగానే ముందు ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి నిన్నటి స్క్రీన్ టైమ్ చూసుకున్నాను. నాలుగు గంటల పదకొండు నిమిషాలు. అందులో క్లాసుకు పనికొచ్చింది పట్టుమని ఇరవై నిమిషాలు లేదు. కాబట్టి నా దగ్గర నీతులు దొరకవు. డిగ్రీ మూడో ఏడు, హాస్టల్ జీవితం. మీరు అడిగిన మూడు రకాల యాప్‌లూ నా ఫోన్‌లో మొదటి పేజీలోనే పక్కపక్కన ఉంటాయి.

మీరు మూడింటినీ కామాలు పెట్టి విడివిడిగా రాశారు గానీ, నాకు అవి వేరువేరుగా కనబడటం మానేసి కొన్ని నెలలైంది. దానికి కారణం ఒక సెమినార్. పోయిన సెమిస్టర్‌లో ‘ఇన్ఫినిట్ స్క్రోల్’ అనే టాపిక్ తీసుకున్నాను. తేలిగ్గా అయిపోతుందని తీసుకున్నాలెండి. చదవడం మొదలుపెట్టాక తెలిసింది, 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ దీన్ని రూపొందించాడని. అంతకుముందు పేజీ అడుగుకు వెళ్తే ‘తర్వాతి పేజీ’ అని ఒక లింకు ఉండేది. దాని మీద నొక్కేముందు ఒక్క క్షణం ఆగుతాం కదా, ఇంకా చూడాలా, చాలా అని. ఆయన ఆ లింకు తీసేశాడు. కిందికి జరిపే కొద్దీ కొత్తవి వస్తూనే ఉంటాయి. చాలా ఏళ్ల తర్వాత, తను చేసిన పని జనాన్ని ఫోన్లకు కట్టేసిందని ఆయనే బహిరంగంగా బాధపడ్డాడు. ఆ మాట స్లైడ్‌లో టైప్ చేసి, మధ్యలో కాసేపు రీల్స్ చూద్దామని ఫోన్ తీశాను. మళ్లీ లాప్‌టాప్ వైపు చూసేసరికి స్క్రీన్ ఆరిపోయి ఉంది.

అప్పటి నుంచి ఏ యాప్ తెరిచినా ఒకటే వెతుకుతున్నాను: దీనికి అడుగు ఎక్కడుంది?

మా బ్యాచ్‌లో కొత్త యాప్ ఏది వచ్చినా ముందు వేసుకునేది నేనే. నాకు కావలసిన యూజర్‌నేమ్ ఇంకెవరో కొట్టేస్తారని భయం. స్కూల్లో ఉండగా క్లబ్‌హౌస్ అని, గొంతులు మాత్రమే వినబడే యాప్ వచ్చింది. 2020లో మొదలైనప్పుడు ఐఫోన్ ఉండాలి, లోపల ఉన్నవాళ్లెవరో ఇన్వైట్ పంపాలి. ఆండ్రాయిడ్‌కు 2021 మేలో వచ్చింది. ఇన్వైట్ కోసం మా సీనియర్ అక్కని వారం రోజులు బతిమాలాను. దొరికిన రెండు రాత్రులు నిద్రపోలేదు, ఎవరెవరో పెద్దవాళ్లు వ్యాపారం గురించి మాట్లాడుకుంటుంటే చెవులు రిక్కించి విన్నాను. జులైలో ఇన్వైట్ అక్కర్లేదు, ఎవరైనా రావచ్చన్నారు. ఇక నేను వెళ్లలేదు. నాకు కావలసింది ఇన్వైటే గానీ యాప్ కాదని ఇప్పుడు అర్థమవుతోంది.

2023 జులైలో ఇన్‌స్టా కంపెనీ నుంచే థ్రెడ్స్ అనే, మాటలు రాసుకునే యాప్ వచ్చినప్పుడూ అంతే. అయిదు రోజుల్లో పది కోట్ల మంది చేరారు. ఇన్‌స్టా ఖాతా ఉంటే చాలు, ఒక్క నొక్కుతో పని అయిపోయేది మరి. ఆ పది కోట్లలో నేనూ ఒకదాన్ని. ‘హాయ్, ఎవరైనా ఉన్నారా’ అని రాశాను. మా క్లాసువాళ్లు పదిహేను మంది అదే మాట రాశారు. ఆ తర్వాత అందరం ఇన్‌స్టాకే వెళ్లి, థ్రెడ్స్‌లో ఏముందని మాట్లాడుకున్నాం. కొత్త యాప్‌కు ఎన్ని హంగులున్నా, మనవాళ్లంతా ఒకే రోజు మూటాముల్లె సర్దుకుని అక్కడికి కదిలితే తప్ప అది ఖాళీ ఇల్లే. అలాంటివే ఇంకో రెండు యాప్‌లు, మాస్టడాన్ బాగుందని, బ్లూస్కై బాగుందని చెప్పేవాళ్ల మాట నేను కాదనను. అక్కడ నా స్నేహితులు లేరు, అంతే.

నాకు నిజంగా నచ్చింది ఒక్కటే, బీరియల్. 2020లో ఫ్రాన్స్‌లో మొదలైంది. రోజుకు ఒకసారి, ఎప్పుడో తెలియని వేళ నోటిఫికేషన్ వస్తుంది. రెండు నిమిషాల్లో ముందు కెమెరాతో, వెనక కెమెరాతో కలిపి ఒక ఫోటో తీసి పెట్టాలి. మనం పెట్టకపోతే మిగతావాళ్లవి కనబడవు. తల దువ్వుకోని మొహాలు, మడత పెట్టని దుప్పట్లు, లైబ్రరీ బల్లలు. పన్నెండు ఫోటోలు చూస్తే ఆ రోజుకు అయిపోయేది. అడుగున్న యాప్ అన్నమాట! అయినా మా వాళ్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు, చివరికి నేనూ తప్పుకున్నాను. అడుగు లేదని ఇంత గోల చేస్తున్న దాన్ని, అడుగున్న దానిలో మాత్రం నిలబడలేదు. దీనికి నా దగ్గర జవాబు లేదు.

ఫోటోలు పంపుకునే ఇంకో యాప్‌లో స్ట్రీక్ గొడవ. ఇద్దరూ రోజూ ఒకరికొకరు ఏదో ఒకటి పంపితే అంకె పెరుగుతుంది, ఒక్కరోజు మానేస్తే సున్నా. చిన్నప్పటి స్నేహితురాలితో నాది రెండు వందలు దాటింది. ఏం పంపుకునేవాళ్లమో తెలుసా? సీలింగ్ ఫోటోలు. చీకట్లో నల్లటి తెర. పరీక్షల సమయంలో పాస్‌వర్డ్ మా రూమ్మేట్‌కు ఇచ్చి, నా బదులు పంపమన్నాను. అవతల మా ఫ్రెండ్ కూడా తన పాస్‌వర్డ్ వాళ్ల చెల్లెలికి ఇచ్చిందని తర్వాత తెలిసింది. రెండు వారాల పాటు మా స్నేహాన్ని, ఒకరికొకరు ముఖం తెలియని ఇద్దరు మనుషులు సీలింగ్ ఫోటోలతో కాపాడారు. (పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకూడదని తెలుసు. ఇచ్చాను.)

సినిమాల దగ్గరికి వస్తే నాకు పక్షపాతం ఉంది. మూడింటిలో ముగింపు ఉన్నది సినిమాకే. ‘శుభం’ పడుతుంది, లైట్లు వెలుగుతాయి, లేచి వెళ్లాలి. ‘ఈ తరానికి ఓపిక లేదు, అన్నీ చిన్న వీడియోలే’ అని పెద్దవాళ్లు అంటారు కదా. మా నాన్న కూడా అంటారు, అర్ధరాత్రి దాకా వార్తల క్లిప్పులు చూస్తూ. నాకు సరదాగా అనిపించే విషయం ఏమిటంటే, 1895 డిసెంబర్ 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు డబ్బు తీసుకుని వేసిన మొదటి ప్రదర్శనలో పది సినిమాలున్నాయి. ఒక్కొక్కటీ నిమిషం కూడా లేదు. ఒకదాని తర్వాత ఒకటి, పది. అవి రీల్సే కదా! సినిమా పుట్టింది చిన్న వీడియోగానే. కాకపోతే పదో దాని తర్వాత పదకొండోది దానంతట అది రాలేదు.

ఓటీటీలో ఆ పదకొండోది వస్తుంది. ఎపిసోడ్ అయిపోయి పేర్లు పడుతుండగానే మూల చిన్న పెట్టె, అందులో తిరిగే గీత. వద్దనుకుంటే మనమే లేచి ఆపాలి. ఆ సెట్టింగ్ ఆపేయొచ్చని నాకు చాలాకాలం తెలియదు. ఇంకో విషయం కూడా రూమ్మేట్ పక్కన కూర్చున్నప్పుడే తెలిసింది. ఒకే సినిమాకు తన ఫోన్‌లో హీరోయిన్ నవ్వుతున్న బొమ్మ, నా ఫోన్‌లో చేజింగ్ సీన్ బొమ్మ. ఇద్దరం ఫోన్లు పక్కపక్కన పెట్టి తిప్పి తిప్పి చూశాం. ఎవరికి ఏ బొమ్మ చూపితే నొక్కుతారో లెక్కగట్టి పెడతామని నెట్‌ఫ్లిక్స్ ఇంజనీర్లు 2017లోనే వివరంగా రాశారు. పోస్టర్ ఊరందరికీ ఒకటే అనుకునే అమాయకత్వం ఆ రోజుతో పోయింది.

సినిమాల విషయంలో నేను చేసిన పెద్ద తప్పు స్పీడ్. మర్నాడు క్యాంటీన్‌లో అందరూ ఒక సినిమా గురించి మాట్లాడతారని, ముందురోజు రాత్రి ఒకటిన్నర రెట్ల వేగంతో చూసేశాను. కథ మొత్తం తెలిసింది. క్యాంటీన్‌లో ఒకడు, “ఆ తలుపు దగ్గర ఆవిడ ఏమీ మాట్లాడకుండా నిలబడుతుందే, అబ్బా” అన్నాడు. నాకు అలాంటి సీనే గుర్తు లేదు. వెళ్లి మామూలు వేగంలో చూశాను. నలభై సెకన్ల నిశ్శబ్దం. నా లెక్కలో అది ఇరవై ఏడు సెకన్లు, ఆ ఇరవై ఏడూ బహుశా నేను మెసేజ్ చూసుకుంటున్నాను. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో నడుస్తుంది, నేను ఆ సెకన్లో 36 ఫ్రేములు కుక్కుకున్నాను. 2019లో నెట్‌ఫ్లిక్స్ ఈ స్పీడ్ మార్చే సదుపాయాన్ని పరీక్షించినప్పుడు కొందరు దర్శకులు గట్టిగానే ఎదురు తిరిగారు, అయినా 2020లో అది వచ్చేసింది. నేను దర్శకుల పక్షమే. కాకపోతే సబ్‌టైటిల్స్ చదువుకుంటూ చూసేవాళ్లకు, కొత్త భాష నేర్చుకునేవాళ్లకు వేగం తగ్గించే బటన్ వరమే. మా క్లాసులో ఒకమ్మాయి అలాగే చూస్తుంది. కాబట్టి బటన్ తీసేయమని అనలేను.

షాపింగ్‌లో నేను మోసపోయిన కథ చెప్పకపోతే ఈ జవాబు పూర్తి కాదు. రాత్రి ఒంటిగంటకు ఒక సైట్‌లో టేబుల్ ల్యాంప్ చూశాను. పక్కన ఎర్రటి అంకెలు: ఆఫర్ ఇంకా తొమ్మిది నిమిషాలే. కింద ‘రెండే మిగిలాయి’. కార్డు వివరాలు ముందే సేవ్ అయి ఉన్నాయి. కొనేశాను. గుండె దడదడలాడింది కూడా, ఏదో గెలిచినట్టు. పొద్దున్నే గొప్పగా చెప్పుకుంటే మా రూమ్మేట్ తన ఫోన్‌లో అదే పేజీ తెరిచింది.

“ఏయ్, ఇక్కడ కూడా తొమ్మిది నిమిషాలే ఉంది చూడు.”

పేజీ మూసి మళ్లీ తెరిచింది. మళ్లీ తొమ్మిది. ఇలాంటి కపటపు డిజైన్లకు 2010లోనే హ్యారీ బ్రిగ్నల్ అనే ఆయన ‘డార్క్ ప్యాటర్న్స్’ అని పేరు పెట్టి, ఉదాహరణలు పోగుచేయడం మొదలుపెట్టాడు. మా సెమినార్ మేడమ్ ఆ పేరు క్లాసులో చెప్పినప్పుడు నేను నోట్సులో రాసుకున్నాను కూడా. అలా రాసుకుని కూడా కొన్నాను ల్యాంప్. రిటర్న్ పెడదామంటే డబ్బా చింపి పారేశాను, అసలు ప్యాకింగ్ ఉంటేనే తీసుకుంటామన్నారు.

ఆ తర్వాత రివ్యూలు తీరిగ్గా చదివితే నవ్వొచ్చింది. కొన్నింట్లో ‘ఫోన్‌కు సరిగ్గా సరిపోయింది, రంగు బాగుంది’ అని ఉంది. ల్యాంపుకు! అంతకుముందు ఆ పేజీలో ఫోన్ కవర్ అమ్మి, నక్షత్రాలను అలాగే ఉంచి వస్తువు మార్చేశారన్నమాట. ఇప్పుడు నేను అయిదు నక్షత్రాలవి చదవను. ఒక నక్షత్రం ఇచ్చినవాళ్లలో సగం మందికి కోపం డెలివరీ మీద. రెండు, మూడు నక్షత్రాలవాళ్లు మాత్రం ఓపిగ్గా చెబుతారు, వైరు పొట్టిగా ఉంది, మెడ వంగితే నిలవదు అని. కొన్నవాళ్లు పెట్టిన ఫోటోలు చూస్తే కంపెనీ ఫోటోలో దాచిన సైజు బయటపడుతుంది.

ఆ రాత్రి నన్ను ముంచింది టైమర్ కన్నా ఎక్కువగా సేవ్ అయి ఉన్న కార్డు. ఒక్క నొక్కుతో కొనే పద్ధతికి అమెజాన్ 1999లో పేటెంట్ తీసుకుంది, 2017 దాకా అది నడిచింది. 2000లోనే ఆపిల్ దానికి లైసెన్సు కొనుక్కుంది. ఒక నొక్కుకు అంత విలువేమిటని సెమినార్‌లో ఎవరో అడిగితే నాకు చప్పున ల్యాంప్ గుర్తొచ్చింది. కావాలనుకోవడానికీ కొనడానికీ మధ్య ఉన్న క్షణం అది. పేజీ అడుగున ఉండే ఆ లింకు లాంటిదే. నేను కార్డు తీసేసి పర్సులోనే పెట్టాను. పర్సు అల్మరాలో. మంచానికీ అల్మరాకీ మధ్య నాలుగడుగులు. చలికాలంలో ఆ నాలుగడుగులు చాలా డబ్బు మిగిల్చాయి.

ఇప్పుడు ఈ మూడూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. టిక్‌టాక్ 2023లో అమెరికాలో వీడియోలోనే కొనుక్కునే షాపు తెరిచింది. సినిమా ముక్క చూస్తుంటాం, కింద స్నేహితురాలి కామెంటు, దాని పక్కన హీరోయిన్ వేసుకున్న చెవిపోగులకు బటన్. ఎక్కడ వినోదం అయిపోయి ఎక్కడ దుకాణం మొదలైందో చూసేవాళ్లకు తెలియదు.

ఇవన్నీ మానేశానా అంటే, లేదు. వీడియో ఎడిటింగ్ నేర్చుకున్నది రీల్స్ చేస్తూనే. పాత పుస్తకాలు సగం ఆన్‌లైన్లోనే దొరికాయి. మనుషులు పంపిన మెసేజ్‌లకు తప్ప మిగతా నోటిఫికేషన్లన్నీ ఆపేశాను, అది మాత్రం ఏడాదిగా నిలబడింది. సినిమా చూసేటప్పుడు ఫోన్ రూమ్మేట్ బల్ల మీద పెడతాను, తను లేనప్పుడు పెట్టను. రీల్స్ యాప్‌ను పరీక్షల ముందు తీసేస్తాను, చివరి పరీక్ష రాసి హాల్ మెట్లు దిగుతూనే మళ్లీ వేస్తాను.

ఏదైనా కొనాలనిపిస్తే నేరుగా కార్ట్‌లో వేయకుండా విష్‌లిస్ట్‌లో పెట్టి వారం ఆగుతున్నాను. అందులో ప్రస్తుతం ముప్పై ఒక్క వస్తువులున్నాయి. అన్నిటికన్నా కింద తలకు కట్టుకునే టార్చ్ లైటు ఒకటి ఉంది, గుహల్లోకి వెళ్లేవాళ్లు వాడేది. ఎందుకు పెట్టానో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.