చిన్న పెంకుపురుగుకు పేరు పెట్టే ముందు

చిరంజీవి సౌజన్యకు,
ఆశీస్సులు.

మారేడుమిల్లిలో రాలిన ఆకుల్ని జల్లెడ పడితే దొరికిన పెంకుపురుగుల ఫొటోలు చూశాను. రెండు మిల్లీమీటర్ల ప్రాణిని అంత స్పష్టంగా తీశావంటే నీ ఓపిక తెలుస్తోంది. కొత్తజాతే కావచ్చు. అయితే "ఏ పుస్తకంలోనూ లేదు పెదనాన్నా" అన్నావే, ఆ మాట దగ్గర కాస్త ఆగు. బ్రిటిష్ కాలంలో మన అడవుల్లో ఏరిన పురుగుల మూల నమూనాలు ఎన్నో లండన్, పారిస్ మ్యూజియాల్లో ఉన్నాయి. దాని దగ్గరి చుట్టాల్లో ఇప్పటికే పేరున్న వాటన్నిటి మొదటి వర్ణనలూ తెప్పించుకుని చదువు. పాత వర్ణనలు చాలావరకు రెండు మూడు వాక్యాలకు మించవు, వాటితో తేలదు. అనుమానం ఉన్న జాతులకు ఆయా మ్యూజియాల వాళ్లకు రాసి నమూనా ఫొటోలు అడుగు. ఈ పనికే నెలలు పడతాయి, పట్టనీ.

రంగును అస్సలు నమ్మకు. ప్యూపా నుంచి అప్పుడే బయటపడ్డ పురుగు పాలిపోయి ఉంటుంది, అదే కొన్నాళ్లకు నల్లబడుతుంది. ఇంత చిన్నవాటిలో జాతిని ఎక్కువగా పట్టిచ్చేది మగపురుగు జననాంగం ఆకారమే. నమూనాను వేడినీళ్లలో మెత్తబరిచి, పొట్ట చివరి భాగం విడదీసి, పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఉంచితే కండ కరిగి గట్టి భాగం మిగులుతుంది. దాన్ని గ్లిజరిన్‌లో పెట్టి పైనుంచీ, పక్కనుంచీ బొమ్మ గీయి. పని అయ్యాక ఆ ముక్కను చిన్న గొట్టంలో వేసి ఆ పురుగు ఉన్న సూదికే గుచ్చు. విడిపోయిందంటే అది ఏ పురుగుదో ఎవరూ చెప్పలేరు. ఒకటి రెండింటిని డీఎన్‌ఏ కోసం శుద్ధ ఆల్కహాల్‌లో ముందే పక్కన పెట్టు.

నమూనాతో పాటు సూదికి గుచ్చే చీటీ విషయంలో మాత్రం నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను. ఊరు, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, తేదీ, ఎలా పట్టావో, ఎవరు పట్టారో అన్నీ ఉండాలి. 1960లలో నైరోబీలో విలియం బ్లాక్ మట్టిలోంచి, ఆకుల్లోంచి సేకరించిన మిల్లీమీటరులోపు పురుగులు లండన్ మ్యూజియంలో యాభై ఏళ్లకు పైగా ఉండిపోయాయి. 2019లో మైకేల్ డార్బీ వాటిని చూసి, కొత్త ప్రజాతిగా (దగ్గరి జాతుల గుంపుగా) గుర్తించి, నెల్లోప్టోడెస్ గ్రెటే అని పర్యావరణ కార్యకర్త గ్రెటా థన్‌బర్గ్ పేరు పెట్టాడు. చోటూ కాలమూ నమోదై ఉండబట్టే కదా ఆ పురుగు ఎక్కడిదో ఈనాడు చెప్పగలుగుతున్నాం.

వర్ణన రాసేటప్పుడు నీ పురుగు ఎంత అందంగా ఉందో కాదు, పక్క జాతి నుంచి దాన్ని ఎలా విడదీయాలో ముందు చెప్పు. రేపు ఒడిశాలో ఎవరో పిల్ల ఇలాంటిదే పట్టుకుని నీ వ్యాసం తెరుస్తుంది. ఆమెకు తేలిపోవాలి. ఒక్క పురుగునే కొలిచి ఊరుకోకు, దొరికినవన్నీ కొలిచి చిన్నదెంతో పెద్దదెంతో రాయి. వాటిలో మంచి మగదాన్ని హోలోటైపుగా, అంటే ఆ జాతి పేరుకు ఆధారమైన ఒకే ఒక్క నమూనాగా, ఎంచి ఎర్ర చీటీ పెట్టు. అది ఏ సంస్థలో ఉంటుందో వ్యాసంలో రాయకపోతే జంతువుల పేర్ల అంతర్జాతీయ నియమావళి ప్రకారం పేరే చెల్లదు. మన జీవవైవిధ్య చట్టం 2002 కూడా కొత్తజాతి నమూనాలను గుర్తింపు పొందిన సంస్థకు అప్పగించమంటోంది. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు ఇవ్వు, ఇంట్లో పెట్టుకోకు. పత్రిక ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చేదైతే జంతువుల పేర్లను నమోదు చేసే జూబ్యాంక్‌లో నమోదు అయిందో లేదో నువ్వే చూసుకో.

ఇక పేరు. ఒకసారి అచ్చయితే నీకు నచ్చలేదని మార్చడం కుదరదు. 1930లలో స్లొవేనియా గుహల్లోని కళ్లులేని ఒక పెంకుపురుగుకు హిట్లర్ పేరు పెట్టారు. అది ఇవాళ్టికీ అలాగే ఉంది, ఆ పేరు కోసమే జనం దాన్ని పట్టి అమ్ముకుంటున్నారు. మీ గైడుగారి పేరు పెట్టాలనుకోవడం తప్పు కాదు. నాకైతే దాని ఒంటి గుర్తును చెప్పే పేరే ఇష్టం. ఆ రెక్కల పెంకు మీద వరుసగా ఉన్న గుంటలు ఎంత బాగున్నాయో!

ముందు జననాంగం బొమ్మలు పంపు. పక్క నుంచి గీసింది మరచిపోకు, పక్కన స్కేలు గీత కూడా ఉండాలి.

ఇట్లు,
మీ పెదనాన్న