ఫ్రీగా ఇచ్చేవాడికేం లాభం?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆఫర్ల మీదే. కూపన్లు, ఫ్రీ ట్రయల్స్, చేరితే బోనస్ ఇస్తామనే యాప్‌లు, పాయింట్లు... ఒకే రకం ప్రశ్నలన్నీ కలిపేసి జవాబులు రాస్తున్నాను.

ప్ర: మేడమ్, ఒకరు చేరితే బోనస్ అంటారు, ఇంకొకరు మొదటి ఆర్డర్ సగం ధరకే అంటారు. వీటిలో నిజంగా ఇచ్చేవి ఎక్కడ వెతకాలి? నాకు ఈ ఆన్‌లైన్ వ్యవహారాలు అంతంత మాత్రమే. (ఒక గృహిణి)

జ: ముందు మీకు ఈ నెలలో కొనక తప్పనివి ఏమున్నాయో ఒక కాగితం మీద రాసుకోండి, ఆఫర్ల సంగతి ఆ తర్వాత. ఈ వరస తిరగబడిందంటే, అంటే ఆఫర్ చూశాక ఏం కొనాలా అని ఆలోచించడం మొదలైతే, తగ్గింపు ఎంతున్నా అది ఖర్చే.

కాగితం సిద్ధమయ్యాక అన్నిటికంటే సులువైనది మొదటి ఆర్డర్ తగ్గింపు. చాలా కంపెనీలు తమ సొంత సైట్‌లో మెయిల్ ఐడీ ఇస్తే ఒక కోడ్ పంపుతాయి. దానికి మీ అసలు మెయిల్ ఇవ్వకండి, ఇలాంటి వాటికోసమే వేరుగా ఒకటి తెరవండి, లేకపోతే రేపటినుంచి మీకు కావలసిన ఉత్తరం ఆ ప్రకటనల కింద ఎక్కడో ఉంటుంది. జీమెయిల్ వాడేవాళ్లకు ఇంకో చిట్కా ఉంది. మీ పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి, పక్కన ఆ కంపెనీ పేరు రాసి, ఆ తర్వాత మామూలుగా ఎట్ జీమెయిల్ అని ఇచ్చినా ఉత్తరం మీకే చేరుతుంది. రేపు సంబంధం లేనివాడెవడో అదే చిరునామాకు ప్రకటన పంపితే మీ ఐడీని ఎవరు అమ్ముకున్నారో తెలిసిపోతుంది. కొన్ని సైట్లు ప్లస్ గుర్తు ఒప్పుకోవు, అప్పుడు వేరే ఐడీయే గతి.

లాగిన్ అయి, వస్తువు కార్ట్‌లో వేసి, డబ్బు కట్టకుండా బయటికి వచ్చేయడం కూడా ఒక పద్ధతే. ఒకటి రెండు రోజుల్లో "మీరేదో మర్చిపోయారు" అంటూ మెయిల్ వస్తుంది, కొన్నిసార్లు దాంతో పాటు ఒక కోడ్ కూడా. అందరూ పంపరు, కానీ తొందర లేని వస్తువైతే ఆగి చూడటంలో పోయేదేం లేదు. ఇక ఫోన్, ఇంటర్నెట్ లాంటి నెలవారీ కనెక్షన్లు ఉంటే "ఆపేద్దామనుకుంటున్నాను" అని ఫోన్ చేసి చెప్పి చూడండి. వెళ్లిపోయే కస్టమర్‌ను ఆపడానికే వాళ్ల దగ్గర వేరే రేట్లు ఉంటాయి, అవి బయట ఎక్కడా కనిపించవు. గట్టిగా మాట్లాడక్కర్లేదు, మర్యాదగా అడిగితే చాలు.

ప్ర: 50 శాతం తగ్గింపు మీద అదనంగా ఇంకో 20 శాతం అని ఉంది. అంటే 70 శాతమేగా? మా వారు కాదంటున్నారు.

జ: మీ వారే కరెక్టు. 100 మొదట 50 అవుతుంది, ఆ 50 మీద 20 శాతం తీస్తే 40. అంటే మొత్తం తగ్గింపు 60 శాతం. అలాగే "రెండు కొంటే ఒకటి ఫ్రీ" అంటే ఒక్కోదాని మీద 33 శాతం తగ్గినట్టు, అదీ మూడూ మీకు పనికొస్తేనే.

ఇంతకంటే చూడాల్సింది "గరిష్ఠంగా" అనే మాట. 20 శాతం తగ్గింపు, గరిష్ఠంగా 100 అని ఉంటే 500 బిల్లు వరకే మీకు ఆ 20 శాతం దక్కుతుంది. 2,000 బిల్లు చేస్తే దక్కేది 5 శాతమే. "70 శాతం వరకు" అన్న చోట ఆ చివరి మాటకున్న అక్షరాలు ఎప్పుడూ చిన్నవే!

కొట్టేసి చూపించే పాత ధరను కూడా నమ్మేయకండి. అమ్మకానికి ముందు ధర పెంచి, తర్వాత తగ్గించినట్టు చూపడం ఎంత మామూలైపోయిందంటే, యూరోపియన్ యూనియన్‌లో 2022 నుంచి తగ్గింపు ప్రకటించేవాళ్లు అంతకుముందు 30 రోజుల్లో ఉన్న అతి తక్కువ ధరనే పాత ధరగా చూపాలని రూల్ పెట్టారు. మీరున్న చోట అలాంటి రూల్ లేకపోయినా, ధరల చరిత్ర చూపే సైట్లు ఉన్నాయి. అమెజాన్ ధరలకైతే కీపా లాంటిది. ఆ గ్రాఫ్ ఒక్కసారి చూస్తే సగం "మెగా" ఆఫర్ల సంగతి తేలిపోతుంది.

ప్ర: అక్కా, నేను ఒక యాప్‌లో ఏడు రోజుల ఫ్రీ ట్రయల్ తీసుకున్నాను. నచ్చలేదని యాప్ డిలీట్ చేసేశాను. తర్వాత కార్డు నుంచి ఏకంగా ఏడాది డబ్బు కట్ అయింది. ఇది మోసం కాదా? (ఒక విద్యార్థి)

జ: తమ్ముడూ, మోసం అని గట్టిగా అనలేం, అందుకే ఒళ్లు మండుతుంది. యాప్ డిలీట్ చేస్తే ఫోన్‌లోంచి పోయేది యాప్ మాత్రమే, సబ్‌స్క్రిప్షన్ కాదు. గూగుల్ ప్లే అయినా ఆపిల్ అయినా అంతే, గూగుల్‌కైతే ప్లే స్టోర్‌లో నీ ప్రొఫైల్ బొమ్మ కింద, ఆపిల్‌కైతే సెట్టింగ్స్‌లో, సబ్‌స్క్రిప్షన్స్ అని విడిగా ఉంటుంది, అక్కడికి వెళ్లి ఆపాలి. ఆపిల్ అయితే ట్రయల్ పూర్తవడానికి కనీసం 24 గంటల ముందే రద్దు చేయమంటుంది. చివరిరోజు రాత్రి చూసుకుందాంలే అనుకునేవాళ్లు దొరికిపోయేది ఇక్కడే. ఏడాది సంగతి అంటావా, "నెలకు ఇంతే" అని పెద్దక్షరాల్లో వేసి, కింద "ఏడాదికి ఒకేసారి వసూలు" అని వేస్తారు. ఇంకోసారి చేరేటప్పుడు ఆ కింది లైను చదువు.

ఇప్పుడేం చేయాలంటే, ముందు సబ్‌స్క్రిప్షన్ రద్దు చెయ్, లేకపోతే వచ్చే ఏడాదీ ఇదే కథ. తర్వాత యాప్ కొన్న స్టోర్‌లోనే రిఫండ్‌కు రిక్వెస్ట్ పెట్టు, ఈరోజే. ఎంత తొందరగా పెడితే అంత మంచిది. ట్రయల్ అయ్యాక అసలు వాడలేదని స్పష్టంగా రాయి. ఇస్తారని గ్యారంటీ లేదు, కానీ అడగనివాడికి ఎలాగూ ఇవ్వరు.

ఇకమీదట ఏ ట్రయల్ అయినా తీసుకున్న రోజే రద్దు చేసేయ్. చాలా చోట్ల రద్దు చేశాక కూడా గడువు పూర్తయ్యేదాకా వాడుకోనిస్తారు. కొన్ని మాత్రం అప్పటికప్పుడే ఆపేస్తాయి, ఆ విషయం రద్దు పేజీలోనే రాసి ఉంటుంది. అలాంటి చోట ఫోన్‌లో రెండు రోజుల ముందుకు అలారం పెట్టుకో. రద్దు పేజీ ఎలా ఉంటుందో కూడా చెబుతాను. "ఉండిపోతాను" అనే బటన్ రంగురంగుల్లో మెరుస్తూ ఉంటుంది, "అయినా రద్దు చేయండి" అనేది దాని కింద బూడిదరంగు అక్షరాల్లో, బటన్ అని కూడా తెలియకుండా ఉంటుంది. అది నొక్కితే ఎందుకు వెళ్లిపోతున్నారని ఒక ప్రశ్న, తర్వాత సగం ధరకు ఇస్తామని ఒక ఆఫర్, ఆ తర్వాతే అసలు రద్దు. మధ్యలో విసుగొచ్చి వెనక్కి వస్తే రద్దు కానట్టే. రద్దయినట్టు మెయిల్ వచ్చేదాకా ఆ పేజీ వదలకు.

విద్యార్థివి కాబట్టి ఇంకో మాట. కార్డు అడగకుండానే దొరికేవి చాలా ఉన్నాయి. డాక్యుమెంట్లకు లిబ్రేఆఫీస్, ఫొటోలకు గింప్ ఎప్పటికీ ఉచితమే. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం 2001లో ప్రకటించిన ఓపెన్‌కోర్స్‌వేర్‌లో పాఠాలు ఎవరైనా చూసుకోవచ్చు. ప్రోగ్రామింగ్ నేర్చుకుంటుంటే కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్ విద్యార్థులకు ఉచితంగా ఇచ్చే టూల్స్ ప్యాక్ ఉంది. కాలేజీ మెయిల్ ఐడీ ఉన్నన్నాళ్లూ దాన్ని వాడుకో, చదువు అయిపోయాక ఆ విద్యార్థి ధరలు మళ్లీ రావు.

ప్ర: క్రెడిట్ కార్డు తీసుకుంటే పెద్ద బోనస్ ఇస్తామంటున్నారు. మూడు నెలల్లో కొంత ఖర్చు పెట్టాలట. తీసుకోవచ్చా?

జ: ఆ మూడు నెలల్లో కార్డు లేకపోయినా మీరు అంత ఖర్చు పెట్టేవారా? అవునంటే ఏడాది ఫీజు ఎంతో చూసి, బోనస్‌లోంచి అది తీసేసి, మిగిలింది నచ్చితే తీసుకోండి. కాదంటే వద్దు. ప్రతి నెలా బిల్లు మొత్తం కట్టే అలవాటు లేనివాళ్లయితే అసలు ఆ ఆలోచనే పెట్టుకోవద్దు. నెలకు 3 శాతం వడ్డీ అంటే చిన్నగా వినిపిస్తుంది కానీ చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. ఏ బోనస్ ఆగుతుంది దాని ముందు?

ప్ర: మా ఇంట్లో ఆరుగురం. అందరి పేరుతో, దొరికిన నంబర్లన్నిటితో అకౌంట్లు తెరిచి, ఒకరినొకరం రిఫర్ చేసుకుంటే బోనస్‌లు బాగానే వస్తున్నాయి. ఇందులో తప్పేముంది? వాళ్లకి డబ్బుకేం కొదవ? పైగా వాళ్లే కదా ఇస్తామంటున్నది.

జ: ఇంట్లో నిజంగా వాడే మనిషి నిజంగా చేరితే ఏ తప్పూ లేదు. కొన్ని యాప్‌లు ఇంటికి ఒకటే అంటాయి, అది మాత్రం చూసుకోండి. వాడని తాతగారి పేరుతో, ఎప్పుడో పక్కన పడేసిన సిమ్‌తో తెరిస్తే మాత్రం షరతులకు విరుద్ధం. ఒకే ఫోన్, ఒకే అడ్రస్, ఒకే కార్డు కనిపించగానే వాళ్ల సిస్టమ్ పట్టేస్తుంది, బోనస్ వెనక్కి తీసుకోవడమే కాదు అందరి అకౌంట్లూ మూసేస్తారు. అందులో అప్పటికే ఉన్న మీ సొంత డబ్బు కోసం తర్వాత తిరగాలి. తాతగారి పేరు మీద ఏ లావాదేవీ జరిగినా జవాబు చెప్పాల్సింది ఆయనే, అదీ ఆలోచించండి.

"వాళ్లే ఇస్తామంటున్నారు" అన్నారు కదా, ఎందుకు ఇస్తున్నారో చూద్దాం. ఇది కొత్త సంగతి కాదు. కోకాకోలా 1880ల చివర్లోనే ఒక గ్లాసు ఉచితం అని కూపన్లు పంచింది, 1894 నుంచి 1913 మధ్య సుమారు 85 లక్షల గ్లాసులు అలా ఇచ్చిందని అంచనా. రుచి మరిగినవాళ్లు తర్వాత డబ్బిచ్చి తాగారు. 2000 ప్రాంతంలో, ఆన్‌లైన్‌లో డబ్బు పంపుకునే పేపాల్ అయితే నేరుగా డబ్బే ఇచ్చింది, చేరినవాళ్లకు 10 డాలర్లు, ఇంకొకరిని తెచ్చినవాళ్లకు ఇంకో 10. ప్రకటనలకు పెట్టే ఖర్చేదో కస్టమర్ చేతికే ఇస్తే జనం తొందరగా వస్తారని లెక్క. మీకొచ్చే బోనస్ అంటే మిమ్మల్ని సంపాదించుకోవడానికి వాళ్లు పెట్టుకున్న బడ్జెట్, అంతకంటే ఏమీ కాదు.

ఇంకో లెక్క కూడా ఉంటుంది, ఆఫర్ చూసి కొన్నవాళ్లలో చాలామంది చివరిదాకా వెళ్లి దాన్ని తీసుకోరని. గిఫ్ట్ కార్డుల్లో మిగిలిపోయే డబ్బు, పంపని రిబేట్ (కొన్నాక కొంత డబ్బు తిరిగి ఇచ్చే) ఫారాలు, గడువు దాటిన వోచర్లు అన్నీ కంపెనీకి లాభమే. ఈ లెక్క తప్పితే ఏమవుతుందో 1992లో బ్రిటన్‌లో వాక్యూమ్ క్లీనర్లు అమ్మే హూవర్ కంపెనీకి తెలిసొచ్చింది. 100 పౌండ్ల వస్తువు కొంటే రెండు విమాన టికెట్లు ఫ్రీ అంది, షరతులు చూసి జనం విసిగి వదిలేస్తారనుకుంది. వదల్లేదు! వాక్యూమ్ క్లీనర్ అవసరం లేనివాళ్లు కూడా కొని టికెట్లు అడిగారు, కంపెనీకి 50 మిలియన్ పౌండ్ల దాకా చేతి చమురు వదిలింది. అందుకని ఫారం నింపాలి, బిల్లు అతికించాలి, 30 రోజుల్లో పంపాలి అని ఉన్న ఆఫర్ తీసుకుంటే ఆ పని కొన్నరోజే ముగించండి. మీరు మర్చిపోతారనే వాళ్ల ఆశ.

ప్ర: మా అత్తగారికి ఫ్రీ శాంపిల్ అంటే చాలు. బాత్రూమ్ అల్మరా నిండా చిన్న చిన్న సీసాలు, పొట్లాలు. వాడరు, పారేయనివ్వరు. ఎలా చెప్పాలి?

జ: ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతారనే మాట మనవాళ్లు ఊరికే అనలేదు. కానీ అత్తగారినొక్కరినే అనకండి, అందరం అంతే. 2007లో ప్రచురించిన ఒక అధ్యయనంలో మంచి చాక్లెట్ 15 సెంట్లకు, మామూలుది 1 సెంటుకు పెడితే 73 శాతం మంది మంచిదే తీసుకున్నారు. రెండిటి మీదా ఒక్క సెంటు తగ్గించి 14 సెంట్లు, ఫ్రీ అని పెట్టేసరికి 69 శాతం మంది మామూలుదానికి వెళ్లిపోయారు. తేడా అదే 14 సెంట్లు, మారింది "ఫ్రీ" అన్న మాట ఒక్కటే.

ఎలా చెప్పాలంటారా, "వద్దు" అనొద్దు. ప్రయాణాలకని ఒక సంచీ పెట్టి అందులో ఎన్ని పడితే అన్ని ఉంచుకోమనండి, మిగతావి తేదీ చూసి గడువు దాటినవి ఆవిడ చేతే తీయించండి. ముఖానికి రాసేవి గడువు దాటాక వాడితే దద్దుర్లు రావచ్చంటే వింటారు.

ప్ర: రోజూ సర్వేలు నింపితే గిఫ్ట్ వోచర్లు వస్తాయట. అలాగే "మీరు ఫోన్ గెలుచుకున్నారు, డెలివరీ చార్జీ కడితే చాలు" అని మెసేజ్ వచ్చింది.

జ: సర్వేలు నిజమైనవీ ఉన్నాయి, కానీ గంటకు ఎంత గిట్టిందో ఒక్కసారి లెక్క వేసుకోండి. దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు అన్నట్టు ఉంటుంది. పది నిమిషాలు నింపాక "మీరు ఈ సర్వేకు అర్హులు కారు" అనేవాటిని మాత్రం వెంటనే వదిలేయండి.

రెండోది పచ్చి మోసం. మీరు పాల్గొనని పోటీలో మీరెలా గెలుస్తారు? డెలివరీ చార్జీ చిన్నదే కావచ్చు, వాళ్లకు కావలసింది మీ కార్డు నంబరు. ఓటీపీ చెప్పమన్నా, డబ్బు మీకు రావడానికి మీ పిన్ కొట్టమన్నా ఫోన్ పెట్టేయండి. ఇప్పటికే కార్డు వివరాలు ఇచ్చేసి ఉంటే ఈ పేజీ పక్కన పెట్టి ముందు బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించండి.

ప్ర: రెండేళ్లుగా పాయింట్లు కూడబెడుతున్నాను. పెద్దదేదైనా కొనేటప్పుడు వాడదామని. మంచి పనేనా?

జ: కాదు. పాయింట్లకు వడ్డీ రాదు, పైగా ఒక పాయింట్ విలువ ఎంతన్నది కంపెనీ చేతిలో ఉంటుంది, ఈరోజు ఉన్నది రేపు తగ్గించినా మీరు చేసేదేం లేదు. అకౌంట్ తెరిచి గడువు ఎప్పుడో చూడండి, ముందు అయిపోయేవి ముందు వాడేయండి. డబ్బులా బిల్లులో తగ్గించుకునే వీలుంటే అదే తీసుకోండి. పాయింట్లకు వస్తువులిచ్చే కేటలాగ్‌లో ఉన్న మిక్సీ ధర బయట ఎంతుందో చూడకుండా మాత్రం నొక్కకండి.